హనుమకొండ బ్యాండ్ విదేశీ స్టేజీ ఎక్కాలంటే

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హనుమకొండలో బీటెక్ మూడో ఏడు చదువుతున్న మీరు నలుగురు, సొంతంగా రాసుకున్న ఆరు తెలుగు పాటలు, ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ ఆర్కిటిక్ మంకీస్ లాగా, ఉన్న ఊళ్లోనే మొదలై ప్రపంచమంతా తిరగాలన్న కోరిక. దానికోసం హైదరాబాద్‌కు మకాం మార్చాలా, ఇంగ్లిష్‌లో పాడాలా, ముందు రీల్స్ మీద పడాలా అని అడిగావు. నేను చాలా ఏళ్లు బాస్ గిటార్ వాయించి, తర్వాత వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు లైవ్ సౌండ్ పనిలో స్థిరపడినవాణ్ణి. నా జవాబు ముందే చెప్పేస్తా. హైదరాబాద్ ఇప్పుడే వద్దు, ఇంగ్లిష్ అసలే వద్దు, రీల్స్ తర్వాత చూసుకోవచ్చు. ముందు మీ పాటల్లో కనీసం రెండు, వినడానికి వచ్చినవాళ్లు మీతో కలిసి పాడేంతగా ఈ ఊరికి ఎక్కాలి. ఎందుకంటున్నానో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నువ్వు చెప్పిన ఆర్కిటిక్ మంకీస్ దగ్గరే మొదలుపెడదాం. వాళ్ల గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది: ఇంటర్నెట్‌లో పాటలు పెట్టారు, రాత్రికి రాత్రి స్టార్లయ్యారు అని. అది సగం కథే. వాళ్లది ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ అనే ఉక్కు పరిశ్రమల ఊరు. జనాభా లెక్కన మన ట్రై సిటీ (వరంగల్, హనుమకొండ, కాజీపేట) కంటే పెద్దదేం కాదు. ఆ ఊరి శివార్లలో హై గ్రీన్ అనే చోట పక్కపక్క ఇళ్ల పిల్లలు అలెక్స్ టర్నర్, జేమీ కుక్. 2001 క్రిస్మస్‌కి ఇంట్లోవాళ్లు గిటార్లు కొనిచ్చారు. 2002లో బ్యాండ్ పెట్టారు. 2003 జూన్‌లో ద గ్రేప్స్ అనే పబ్బులో మొదటి షో. ఆ తర్వాత రెండేళ్లు చుట్టుపక్కల చిన్న చిన్న హాళ్లలో వాయిస్తూనే ఉన్నారు. డెమోలు రికార్డు చేసి, సీడీల్లో కాల్చి, షోకి వచ్చినవాళ్లకు ఊరికే పంచేవాళ్లు. సీడీలు అందరికీ సరిపోయేవి కావు. దొరికినవాళ్లు ఇంటికెళ్లి వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి దొరకనివాళ్లకు పంపారు. అప్పటి సోషల్ మీడియా సైటు మైస్పేస్‌లో వాళ్ల పేరు మీద పేజీ పెట్టింది కూడా అభిమానులే.

ఇక్కడ ఒక్క విషయం పట్టుకో. ఫైలు నెట్‌లో తిరగడానికి ముందే, ఆ పాట ఒక గదిలో చెమటలు కక్కుతున్న జనం మధ్య పుట్టింది. సీడీ తీసుకెళ్లినవాడు ఆ రాత్రిని మళ్లీ వినడానికి తీసుకెళ్లాడు. తర్వాతి షోకి మాటలన్నీ నోటికి వచ్చి తిరిగొచ్చాడు. 2005లో డొమినో అనే ఇండిపెండెంట్ లేబుల్‌తో (పాటలు విడుదల చేసే చిన్న సొంత కంపెనీ) సంతకం పెట్టేనాటికే హాళ్లు నిండిపోయి జనం పాడుతున్నారు. అదే ఏడాది అక్టోబర్‌లో మొదటి సింగిల్ నేరుగా బ్రిటన్ చార్టుల్లో నంబర్ వన్. 2006 జనవరిలో వచ్చిన మొదటి ఆల్బమ్ తొలి వారంలోనే 3.6 లక్షల కాపీలకు పైగా అమ్ముడైంది. ఒక బ్యాండ్ మొదటి ఆల్బమ్ అంత వేగంగా అమ్ముడవడం ఆ దేశంలో అప్పటిదాకా జరగలేదు.

మరి ఆ పాటల్లో ఏముంది? క్లబ్ గుమ్మం దగ్గర లోపలికి పోనివ్వని బౌన్సర్లు, అర్ధరాత్రి ట్యాక్సీలో గొడవలు, మాట్లాడాలనుకుని మాట్లాడలేకపోయిన అమ్మాయి. అదీ షెఫీల్డ్ యాసలో, ఏమాత్రం సర్దుకోకుండా. మీ ఆరు పాటల పేర్లు చూశాను. నాలుగింటిలో ఆకాశం, నిశ్శబ్దం, కలలు ఉన్నాయి. నక్కలగుట్ట లేదు, కాజీపేట స్టేషన్ లేదు, బ్యాక్‌లాగ్ లేదు, హాస్టల్ మెస్ లేదు. ఊరి పేరు వేసినంత మాత్రాన పాట మంచిదైపోదు, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ మీరు రోజూ చూసేదాన్ని మీకంటే బాగా ఇంకెవరూ రాయలేరు. ఆకాశం గురించి రాయడానికి సినిమా కవులు ఎలాగూ ఉన్నారు.

ఇంకో సంగతి చాలామంది దాటేస్తారు. 2007లోనే ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ అనే పెద్ద మ్యూజిక్ ఫెస్టివల్‌లో హెడ్‌లైనర్లుగా, అంటే ముఖ్య బ్యాండ్‌గా, వాయించిన ఈ బ్యాండ్, 2012లో అమెరికాలో బ్లాక్ కీస్ అనే బ్యాండ్‌కి ముందు వాయించే ఓపెనింగ్ బ్యాండ్‌గా తిరిగింది. ఇంట్లో పులులు, అక్కడ సగం హాలు నిండకముందే స్టేజీ ఎక్కి దిగేవాళ్లు. 2013లో ఏఎమ్ ఆల్బమ్ వచ్చాకే అమెరికాలో గట్టిగా నిలదొక్కుకున్నారు. అంటే ప్రతి కొత్త దేశంలో పని మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. సొంత ఊళ్లో ఆ పని ఒకసారి చేసినవాడికి రెండోసారి ఎలా చేయాలో తెలిసి ఉంటుంది.

ఇప్పుడు భాష సంగతి. మ్డూ మోక్తర్ పేరు విన్నావో లేదో. పశ్చిమ ఆఫ్రికాలో నైజర్ అనే ఎడారి దేశం, తువారెగ్ తెగ మనిషి. చిన్నప్పుడు గిటార్ కొనిచ్చేవాళ్లు లేక చెక్క ముక్కకు సైకిల్ బ్రేక్ వైర్లు బిగించి సొంతంగా చేసుకున్నాడు. పాడేది తమషెక్ భాషలో. బతుకుదెరువు పెళ్లిళ్లలో వాయించడం. 2008లో పక్క దేశం నైజీరియాకు పోయి కొన్ని పాటలు రికార్డు చేస్తే, అవి ఏ కంపెనీ ద్వారానూ కాకుండా సెల్‌ఫోన్ మెమరీ కార్డుల్లో, బ్లూటూత్‌లో ఎడారి ఊళ్లన్నీ తిరిగాయి. సహెల్ సౌండ్స్ అనే చిన్న అమెరికన్ లేబుల్ నడిపే క్రిస్టఫర్ కిర్క్‌లీ, ఆ ఫోన్లలో తిరుగుతున్న పాటలు విని మనిషిని వెతుక్కుంటూ వెళ్లాడు. ఈరోజు మ్డూ మోక్తర్ బ్యాండ్ ఆల్బమ్‌లు మ్యాటడార్ అనే పెద్ద ఇండీ లేబుల్ మీద వస్తున్నాయి. 2021లో వచ్చిన అఫ్రీక్ విక్టీమ్ విను. ఒక్క ముక్క అర్థం కాదు, అయినా వాల్యూమ్ పెంచుతావు.

మన దగ్గరా ఇది కొత్తేం కాదు. నీకు గుర్తుండే వయసు కాదు కానీ, తెలంగాణ ఉద్యమం నాటి పాటలు రేడియోలో వచ్చాయా, థియేటర్లలో వచ్చాయా? ధూంధాంలో పాడారు, జనం నేర్చుకున్నారు. ఆ తర్వాత మొబైల్ షాపులో మెమరీ కార్డు ఇచ్చి పాటలు ఎక్కించుకుని పోయారు. ఆటో డ్రైవర్ దగ్గర వినపడింది, పొలం గట్టు మీద వినపడింది. వరంగల్ అంతటా ఆ పాట మోగడానికి మార్కెటింగ్ టీమ్ ఎవరూ లేరు.

భాష అడ్డం అనేవాళ్లకు ఇంకో పేరు చెప్పు: సిగుర్ రోస్. ఐస్‌లాండ్ బ్యాండ్. దేశం మొత్తం కలిపినా నాలుగు లక్షల మంది లేరు, వాళ్ల భాషలోనే పాడి ప్రపంచమంతా తిరిగారు. మన పక్కన కొచ్చిలో తైక్కుడం బ్రిడ్జ్ ఉంది. ఊళ్లోని ఒక చోటి పేరునే బ్యాండ్ పేరుగా పెట్టుకుని, చేపల పేర్ల మీద మలయాళంలో రాక్ పాట కట్టి, దేశదేశాలు తిరిగారు. ఢిల్లీ బ్యాండ్ బ్లడీవుడ్ మొదట యూట్యూబ్‌లో సరదా కవర్లు చేసుకుంటూ ఉండి, హిందీ, పంజాబీ, ఇంగ్లిష్ కలిపి సొంత మెటల్ పాటలు చేశాక 2019లో జర్మనీలో వాకెన్ అనే పెద్ద మెటల్ ఫెస్టివల్ స్టేజీ ఎక్కింది. ఇంగ్లిష్‌లో పాడే బ్యాండ్లు ఇంగ్లండ్‌లో వీధికొకటి ఉన్నాయి. మీ ఇంగ్లిష్ పాట కోసం వాళ్లు ఎదురుచూడటం లేదు.

అయితే ఇది విని రేపే వెళ్లి పాటలో డప్పు అతికించకండి. బ్లడీవుడ్‌లో ఢోల్ వాయించే మనిషి బ్యాండ్ సభ్యుడే, ప్రతి పాటలో అతనికి పని ఉంటుంది. మీకు డప్పో ఒగ్గు డోలో వచ్చిన ఫ్రెండ్ ఉండి, రిహార్సల్‌కి రోజూ వస్తాడంటే అది వేరే సంగతి. వీడియోలో పది సెకన్లు కనపడటానికి ఒక పెద్దాయన్ని కిరాయికి తెచ్చి నిలబెట్టడం నాకు నచ్చదు. వినేవాళ్లకూ అది తెలిసిపోతుంది.

ఇక అసలు సమస్య: మన ఊళ్లో గది లేదు. షెఫీల్డ్‌లో వారం వారం లైవ్ మ్యూజిక్ పెట్టే పబ్బులు, హాళ్లు ముందునుంచీ ఉన్నాయి. మనకు ఏడాదికోసారి నిట్‌లో స్ప్రింగ్ స్ప్రీ, కాలేజీ డేలు, వినాయక చవితి స్టేజీలు. కాళోజీ కళాక్షేత్రం 2024లో తెరిచారు, బాగుంది, కానీ మొదటి షోకి అంత పెద్ద హాలు తీసుకుంటే ముందు రెండు వరసల్లో మీ కజిన్స్, వెనకంతా ఖాళీ కుర్చీలు. పబ్లిక్ గార్డెన్‌లోని నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం కూడా తర్వాతి మెట్టే. మీక్కావాల్సింది నలభై యాభై మంది ఇరుక్కుని నిలబడే చోటు. హంటర్ రోడ్డులోనో నయీంనగర్‌లోనో మేడ మీద కేఫ్ నడిపేవాళ్లను అడగండి. వారం మధ్యలో సాయంత్రాలు వాళ్లకు బేరం ఉండదు. నెలకోసారి, ఒకే రోజు, ఒకే టైమ్. నెలలో రెండో గురువారం అంటే ఎప్పటికీ రెండో గురువారమే. టికెట్ చాయ్, సమోసా కలిపి వంద పెట్టినా ఫర్వాలేదు, ఫ్రీగా మాత్రం పెట్టొద్దు. ఫ్రీ షోకి వచ్చినవాడు ఫోన్ చూసుకుంటాడు. తొమ్మిదిన్నరకల్లా ముగించండి. పది దాటాక మైకు పెట్టకూడదన్నది చట్టం, పైగా పక్కింటివాళ్లు ఒక్కసారి పోలీసులకు ఫోన్ చేస్తే కేఫ్ ఓనర్ మళ్లీ మిమ్మల్ని గడప తొక్కనివ్వడు.

"అన్నా, సినిమా పాట కొట్టన్నా" అనే కేక ప్రతి షోలో వస్తుంది. కోప్పడొద్దు. ఒక్కటి కొట్టండి, అదీ మీ పద్ధతిలో మార్చి, సెట్ మధ్యలో. చివరి పాట మాత్రం మీదే ఉండాలి. ఇంటికి పోయేటప్పుడు నోట్లో ఆడేది ఆఖరి పాటే.

సౌండ్ గురించి నేను ఎక్కువ చెప్తా, నా పని అది కాబట్టి. మన వైపు కాలేజీ ఫెస్ట్‌కి వచ్చే సిస్టమ్ డీజే కోసం కట్టింది. నాలుగు సబ్‌లు (బాస్ మోగించే స్పీకర్లు), రెండు టాప్‌లు (మిగతా శబ్దానికి), ఆపరేటర్ చెయ్యి ఎప్పుడూ బాస్ నాబ్ మీదే. ఒక ఫెస్ట్‌లో నేను కింద నిలబడి విన్నాను. స్టేజీ మీద పిల్లలు ప్రాణం పెట్టి వాయిస్తున్నారు, కింద వినపడేది కిక్ డ్రమ్, గుంయ్‌మనే బాస్, మధ్యలో ఎక్కడో ఒక గొంతు. పల్లవి అయిపోయినా అది తెలుగో హిందీయో పక్కనున్న అమ్మాయికి తెలియలేదు, నన్ను అడిగింది. పాట ఎంత బాగా రాసుకున్నా ఇలా వినపడితే ఎవరికీ ఎక్కదు.

చేయాల్సింది పెద్ద ఖర్చు పని కాదు. గొంతు ఛానెల్‌లో 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా హై పాస్ ఫిల్టర్‌తో కోసేయమనండి. మైకులో పడే కాళ్ల చప్పుడు, సబ్‌ల హోరు సగం పోతాయి. మాటలు తేటగా వినపడేది 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య. మన ఒత్తులు, చ, ట, క అన్నీ అక్కడే ఉంటాయి. డిస్టార్షన్ గిటార్ కూడా సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. గిటార్‌ని ఆ చోట రెండు మూడు డెసిబెల్స్ తగ్గిస్తే, గొంతు పెంచకుండానే ముందుకు వస్తుంది. మీ గిటారిస్ట్ ఒప్పుకోడు, నా టోన్ పోయిందంటాడు. ఫోన్‌లో రికార్డు చేసి వినిపించండి, ఒప్పుకుంటాడు. బాస్ గిటార్‌ని డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపోయేలా మార్చే చిన్న పెట్టె) ద్వారా మిక్సర్‌కి ఇవ్వండి, ఆ బాక్స్ మీ సొంతానిది ఉంచుకోండి, సిస్టమ్ వాళ్ల దగ్గర ఉంటుందనుకోవద్దు. ఎక్స్‌టెన్షన్ బాక్స్, రెండు అదనపు కేబుళ్లు, ఇన్సులేషన్ టేప్ కూడా. సౌండ్ ఆపరేటర్‌ని అన్నా అని పిలిచి, చాయ్ తాగించి, మీ పాటల వరస రాసిన కాగితం చేతికివ్వండి. ఏ పాటలో ఎవరిది సోలో అన్నది అందులో రాయండి. ఆపరేటర్‌ని తిట్టినవాళ్లకు ఫీడ్‌బ్యాక్, అంటే స్పీకర్లలో కీచుమనే చప్పుడు, వస్తుంది, అది ఎప్పుడూ యంత్రం తప్పు కాదు.

రిహార్సల్ కూడా దీనిలో భాగమే. రేకుల గదిలో అంతా ఫుల్ పెట్టి వాయిస్తే ఎవరికీ ఏమీ వినపడదు, తప్పులన్నీ హోరులో కలిసిపోతాయి. డ్రమ్స్‌కి మైకు లేకుండా, ఆ చప్పుడుకి సరిపోయేంతవరకే మిగతావి పెట్టుకోండి. గొంతు స్పష్టంగా వినపడితే లెవెల్ సరిగ్గా ఉన్నట్టు.

హైదరాబాద్ సంగతి రెండు ముక్కల్లో. కాజీపేటలో రైలెక్కితే రెండు మూడు గంటల్లో సికింద్రాబాద్. షో కోసం పోయి రావడానికి మకాం మార్చాల్సిన పని లేదు. అక్కడ రూమ్ అద్దె కట్టడానికి నలుగురూ ఉద్యోగాల్లో పడితే, వారానికి ఒక్క రిహార్సల్ కుదరదు. అక్కడి పబ్బులు చాలావరకు అడిగేది మూడు గంటల కవర్ సెట్. డబ్బులొస్తాయి, చెయ్యి తిరుగుతుంది, కానీ ఏడాది తర్వాత చూసుకుంటే సొంత పాటలు ఆరు ఆరుగానే ఉంటాయి. సినిమా కూడా అక్కడే ఉంది. హైదరాబాద్ బ్యాండ్ చౌరస్తాలో పాడిన రామ్ మిరియాల 2021లో చిట్టి పాటతో ఇంటింటికీ తెలిశారు. అది మంచి దారే, తప్పు పట్టను. మీ సింగర్‌కి అలాంటి పిలుపు వస్తే ఏం చేస్తారో మాత్రం ఇప్పుడే మాట్లాడుకోండి.

రీల్స్ విషయంలో మన పక్కనే గురువులున్నారు. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి వైపు ఫోక్ సాంగ్స్ తీసే టీమ్‌ల పని ఎప్పుడైనా చూశావా? పాట రాసేవాడు, పాడేవాళ్లు, కెమెరా, ఎడిటింగ్, అంతా ఊళ్లోనే. కోట్ల వ్యూస్. రాక్ బ్యాండ్ పిల్లలు వాళ్లను చూసి ముక్కు విరుస్తారు, కానీ పాట ఎప్పుడు వదలాలి, మొదటి పది సెకన్లలో ఏం వినపడాలి, ఛానెల్ ఎలా నడపాలి అన్న విషయాల్లో వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. మీకు నా సలహా ఒక్కటే: స్టూడియో వీడియో కంటే, జనం మీతో కలిసి పాడుతున్న ముప్పై సెకన్ల వీడియో పెట్టండి. అలాంటి జనం ఉన్నాకే రీల్స్ అని అందుకే అన్నాను. స్పాటిఫైలో పాట పెట్టాక మీ ఆర్టిస్ట్ పేజీలో ఏ నగరంలో ఎంతమంది వింటున్నారో కనపడుతుంది. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో వినేవాళ్లు మెల్లగా పెరుగుతుంటే అది గమనించండి. మొదటి విదేశీ షో ఎక్కడ అడగాలో ఆ అంకెలే చెప్తాయి.

డబ్బులు, కాగితాలు. బోర్ కొడుతుంది, కానీ బ్యాండ్లు విడిపోయేది ఎక్కువగా ఇక్కడే. పాట ఎవరిది? అమెరికాలో ఏథెన్స్ అనే యూనివర్సిటీ ఊరినుంచి వచ్చిన ఆర్‌ఈఎమ్ తమ పాటలకు బ్యాండ్‌లో ఉన్న అందరి పేర్లూ వేసుకుంది, ఎవరు ఏ ముక్క రాసినా సరే. 1980లో మొదలై 2011లో గొడవ లేకుండా ముగించారు. మీరూ అలాగే చేయాలని కాదు, ఏదో ఒకటి తేల్చుకుని తెల్ల కాగితం మీద రాసి నలుగురూ సంతకం పెట్టండి. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణ తర్వాత, పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు తమ రాయల్టీ వాటాను లేబుల్‌కో నిర్మాతకో వదిలేసుకోవడం చెల్లదు. ఆ రాయల్టీ వసూలు చేసి పెట్టే సంస్థ ఐపీఆర్ఎస్, అందులో సభ్యులుగా చేరండి. పాట డిస్ట్రిబ్యూటర్ ద్వారా వదిలేటప్పుడు ఒక్కో రికార్డింగ్‌కి దాన్ని గుర్తుపట్టే ఐఎస్ఆర్‌సీ కోడ్ వస్తుంది, అవన్నీ ఒక షీట్‌లో రాసి పెట్టుకోండి. బ్యాండ్ పేరు ట్రేడ్‌మార్క్ 41వ క్లాసులో (వినోద సేవల విభాగం) వస్తుంది. ఒక వ్యక్తి పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు 4,500 రూపాయలు. ఆ ఒక్క వ్యక్తి ఎవరన్నదే గొడవ అవుతుంది కాబట్టి దాన్నీ ఆ తెల్ల కాగితంలో రాయండి.

విదేశాల సంగతి ఇంకా దూరం, అయినా అడిగావు కాబట్టి. అమెరికాలో తానా, ఆటా లాంటి తెలుగు సంఘాల సభలకు పిలుపు వస్తే సంతోషంగా వెళ్లండి, కానీ దాన్ని అంతర్జాతీయ విజయం అనుకోవద్దు. అక్కడ కింద కూర్చునేది మన హనుమకొండ వాళ్లే. వెళ్లినప్పుడు ఆ ఊళ్లోనే ఒక చిన్న క్లబ్‌లో, తెలుగు రాని జనం ముందు ఇంకో షో కుదుర్చుకోగలిగితే అప్పుడు ఆ ప్రయాణానికి విలువ. దానికీ వీసా సరైనదై ఉండాలి, విజిటర్ వీసా మీద పోయి టికెట్ షోలు చేయొద్దు. అమెరికాలో పేరున్న బ్యాండ్లకు ఇచ్చే పీ-1 వీసాకు అక్కడి స్పాన్సరో ఏజెంటో పిటిషన్ వేయాలి, బ్యాండ్‌లో కనీసం 75 శాతం మంది ఏడాదికి పైగా కలిసి పనిచేస్తున్నట్టు చూపించాలి. పాత పోస్టర్లు, పేపర్ కటింగ్‌లు, తేదీలున్న టికెట్లు అందుకే పారేయొద్దు. వాద్యాలు సుంకం లేకుండా చాలా దేశాలకు తీసుకెళ్లి తీసుకురావడానికి ఏటీఏ కార్నె అనే పత్రం ఉంటుంది, మన దేశంలో దాన్ని ఫిక్కీ అనే వ్యాపార, పరిశ్రమల సంఘం ఇస్తుంది. ఇవన్నీ అప్పటి సంగతి.

ఇప్పటి సంగతి వేరే ఉంది. మీరు మూడో ఏడు. వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్లు. మన ఊళ్లో బ్యాండ్లను చంపేది టాలెంట్ లేకపోవడం కాదు, ఆఫర్ లెటర్లు. డ్రమ్మర్ పుణె, బాసిస్ట్ చెన్నై, వాట్సాప్ గ్రూప్‌లో పుట్టినరోజు శుభాకాంక్షలు. ఉద్యోగం వద్దనమని నేను చెప్పను, ఇంట్లో పరిస్థితులు ఎవరివి వాళ్లవి. ఆర్కిటిక్ మంకీస్‌కే 2006లో, ఆల్బమ్ ఊపు మీద ఉన్నప్పుడు, అమెరికా టూర్ ముందు బాసిస్ట్ ఆండీ నికల్సన్ రాలేనన్నాడు. ఊరి స్నేహితుడు నిక్ ఓమాలీ వచ్చి నిలబడ్డాడు, తర్వాత అతనే ఉండిపోయాడు. మీ ఆరు పాటల గిటార్ కార్డ్స్, టెంపో (వేగం), ఎవరెక్కడ ఆగాలి అన్నది రాసి ఒక ఫోల్డర్‌లో పెట్టండి. ఫస్ట్ ఇయర్, సెకండ్ ఇయర్ పిల్లల్లో వాయించేవాళ్లను ఇద్దరిని ఇప్పటినుంచే రిహార్సల్‌లో కూర్చోబెట్టుకోండి. వచ్చే రిహార్సల్‌లో అందరూ వాయించడం మొదలుపెట్టకముందే, ప్లేస్‌మెంట్ వస్తే ఎవరు వెళ్తారో, ఎవరు ఉంటారో నలుగురూ మొహమాటం లేకుండా చెప్పుకోండి. సమాధానం ఏదైనా ఇక్కడే రాయి, కేఫ్ షోకి మిక్సర్, రెండు మైకులు నేను తెస్తాను.